కొట్లాటకి పోయి పొన్నాడ కప్పొచ్చినారు

“అవ్వా, మన జార్జి టౌనోళ్లు పన్ను వద్దని కొట్లాటకి పోయి, ఆ ఆఫీసరుకే పొన్నాడ కప్పి వచ్చినారంటనే. మొన్న పెళ్లిలో మామ చెప్తా ఉంటే అందురూ నవ్వినారు, నువ్వొక్కదానివే నవ్వలే. ఏమి జరిగిందో చెప్పు, ఫోన్లో రికార్డు చేసుకుంటా.”

నవ్వుతాడు మీ మామ, ఎందుకు నవ్వడు. ఆ రోజు వాడు రాలే గదా. ప్రతి పెళ్లిలోనూ భోజనాల పంతిలో కూర్చోని ఈ కథ ఎత్తుకుంటాడు, పాయసం వచ్చేలోపల ముగిస్తాడు, అందురూ నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది పాపా. నవ్వే కథ కాదు అది. సరి, ఆ ఫోను ఇట్ట దగ్గిర పెట్టు. ఫ్యాను తగ్గించు, లేకుంటే నీకు ఆ గాలి సద్దే వినిపిస్తుంది. ఇంకోటి, మధ్యలో తమిళంలో అడగొద్దు. నీకు తెలుగొచ్చు, సోమరితనం అంతే.

మన అంగడి నీకు తెలుసు గదా. చిన్నప్పుడు ఆ గుడ్డల మూటలమీద ఎక్కి నిద్రపోతా ఉంటివి. మీ తాత వాళ్ల నాయన పెట్టింది అది. ఆయప్ప కాలంలో తుండ్లు, పంచలు, దుప్పట్లు, అంతే. తుండు ముప్పావలా... లేదు లేదు, అది మా అత్త చెప్పే లెక్క. నేను కాపరానికి వచ్చేటప్పటికి రెండు రూపాయలు. మా అత్త ఉండింది చూడు, ఆయమ్మ గుడ్డని మడత విప్పకుండానే, సుమ్మా, ఊరికే వేలితో తట్టి, ఇది ఈరోడుది, ఇది సేలందని చెప్పేసేది. కరెక్టో కాదో ఎవురికి తెలుసు, ఆయమ్మని కాదనే ధైర్యం ఎవురికీ లేదు. ఏం చెప్తా ఉంటి? ఆ, పొన్నాడ.

పొన్నాడలు తరవాత వచ్చినాయి. సభల్లో పెద్దోళ్లకి కప్పుతారే, జరీ అంచు శాలువా, అదే. ఈ ఊర్లో అది లేకుండా ఒక పనీ కాదు. కొత్త ఆఫీసరు వస్తే కప్పాల, పాత ఆఫీసరు పోతే కప్పాల, బడిలో ఆటల పోటీకి వచ్చినాయనకి కప్పాల, అపార్టుమెంటు సెక్రెటరీకి కూడా కప్పాల. కప్పించుకున్నోడు ఒక నిమిషం ఒంటి మీద ఉంచుకోడు, తీసి పక్కనోడి చేతికి ఇచ్చేస్తాడు. చలికా అంటే ఈ ఊర్లో చలి యాడుంది. ఎందుకూ పనికిరాని గుడ్డ. కానీ ఆ గుడ్డ మీదే మన ఇల్లు నడిచింది, మీ అమ్మ చదువు నడిచింది. మీ తాత పోయినప్పుడు అంగడి మూసేయమని అందురూ చెప్పినారు. నేను మూయలే. మూసేసి ఇంట్లో కూర్చోని ఏం చేసేది, టీవీ ముందర ఏడ్చేదా.

ఇప్పుడు సెల్వి గురించి చెప్పాల. సెల్వి లేకుండా ఈ కథ లేదు. మీ మామ చెప్పేదాంట్లో సెల్వి ఉండదు, అందుకే అది నవ్వే కథ అయింది.

పొన్నాడకి రెండు కొసల్లోనూ కుచ్చులు ఉంటాయి చూసినావా? మగ్గం మీదినుంచి వచ్చేటప్పుడు ఆడ దారాలు ఊరికే వేలాడతా ఉంటాయి. వాటిని కొంచెం కొంచెంగా పట్టి, తొడ మీద పెట్టి మెలేసి, ముడి వేయాల. అది చేతి పని. సెల్వి ఎన్నూరునుంచి వచ్చేది. మొగుడు ఆడ కాలవలో చేపలకి పోతాడు. ఆ నీళ్లలో ఇప్పుడు చేపలేడుండాయి, కరెంటు ఫ్యాక్టరీల బూడిదే అంతా. ఈమె బస్సులో వచ్చి మూట తీసుకోని పోతుంది, వాళ్ల వీధిలో ఆడోళ్లు అందురూ వాకిట్లో కూర్చోని మెలేస్తారు, మళ్లీ ఈమే మోసుకోని వస్తుంది. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టింది, ఇప్పుడు దాని కూతురు కాలేజీ. నోరు పెద్దది. కూలి ఒక రూపాయి తగ్గిస్తానంటే, ఇదో నీ మూట, నువ్వే మెలేసుకో అమ్మా, అని గల్లా మీద పెట్టేసి పోతుంది. సందు చివరిదాకా పోనిచ్చి నేనే పిలవాల. అట్టాంటి మనిషి నాకిష్టం. మనసులో ఒకటి, నోట్లో ఒకటి లేదు.

అట్ట ఉండంగా ఒక రోజు టీవీలో చెప్పినారు, చిల్లర గుడ్డల మీద పన్ను పెంచుతారంట. ఇప్పుడు దానికి ఏదో కొత్త పేరు ఉంది, నేను సేల్సు టాక్సనే అంటా. పేరు మార్చినంత మాత్రాన కట్టేవాడు మారతాడా. పట్టు చీరల మీద పెంచితే నేను ఏమీ అనను, కట్టుకునేవాళ్లు కట్టుకుంటారు. తుండు మీద, లుంగీ మీద, మన పొన్నాడ మీద. చూడు అన్యాయం.

నీకు అర్థమయ్యేటట్టు చెప్తా విను. పొన్నాడ కొనేవాడు ఎవుడు? ఏదో ఒక సంగమోడు. వాడు ఇంతే పెట్టాలని మనసులో అనుకోని వస్తాడు. పన్ను పెరిగిందయ్యా అంటే, ఆ కథలన్నీ నాకెందుకు, ఆ ధరకే ఇస్తావా, ఎదురంగడికి పోనా, అంటాడు. నూలోడు తగ్గించడు, మగ్గమోడు తగ్గించడు, అంగడి బాడుగ తగ్గదు. ఇంక యాడ కోసేది? కుచ్చుల్లో. అప్పటికే మిషను కుచ్చులు ఉత్తరాదినుంచి లారీల్లో దిగతా ఉండాయి. ముట్టుకుంటే గరుకుగా, బొమ్మకి జుట్టు అంటించినట్టు. కానీ సస్తా. పన్ను వేసేది శాలువా మీద, పడేది సెల్వి చేతుల మీద. నేను సెల్వికి ఇదే చెప్తి. అది వెంటనే, అయితే మీ సంగం ఏం చేస్తా ఉంది, అనె.

సంగం. సంగం ఏం చేస్తుంది, బోండాలు తింటుంది. సంగానికి పెద్ద ఎవురు, మీ తాత వాళ్ల అన్న, గోవిందరాజులు బావగారు. నీకు పెద్దతాత. మంచోడే, చెడ్డోడని నేను చెప్పను. ఇంటికి ఎవురొచ్చినా లేచి నిలబడతాడు, కరెంటు బిల్లు కోసం వచ్చినవాణ్ని కూడా కాఫీ తాగకుండా పోనియ్యడు. సరి, ఆ సంగం మేడమీద మీటింగు పెట్టినారు, నేనూ పోతి. ఏం అరుపులు, ఏం కేకలు. ఒకడు, అంగళ్లు మూసేద్దాం వారం రోజులు, అంటాడు. ఒకడు రోడ్డు మీద పడుకుంటానంటాడు. ఇంకొకడు చచ్చేదాకా నిరాహార దీక్ష చేస్తానన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి నోట్లో బోండా ఉంది.

చివరికి ఏం తేల్చినారంటే, మన పక్క ఒక పెద్దాఫీసరు ఉండాడు, వ్యాపారస్తులు ఏమంటా ఉండారో కనుక్కోని రాసి పంపమని ఆయనకి పైనుంచి చెప్పినారు, ముందు ఆయన దగ్గరికి పోయి గట్టిగా అడిగేద్దాం అని. నేను లేచి చెప్తి, బావా, మీరు మాట్లాడితే లెక్కలు మాట్లాడతారు, సెల్విని కూడా తీసకపోదాం, అది మాట్లాడితే ఆయనకి ఎక్కుతుంది, అని. అందురూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. బావగారు కొంచెం ఆలోచించి, సరి, రానీ, కానీ కొంచెం మెల్లిగా మాట్లాడమను, అనె. అప్పుడే నాకు తెలిసుండాల.

బయల్దేరే రోజు పొద్దున బావగారు మన అంగడికి వచ్చినాడు. అమ్మా, మంచి పొన్నాడ ఒకటి తియ్యి, పెద్ద జరీ, అనె. ఎవురికి బావా, అంటి. ఆఫీసరుకి, అనె. మనం పోయేది కొట్లాటకి గదా బావా, అంటే, పెద్దోళ్ల దగ్గరికి ఒట్టి చేతుల్తో పోతామా, అంటాడు. కొట్లాడేది కొట్లాడేదే, మర్యాద మర్యాదే, రెండూ వేరే వేరే అంటాడు. నేను ఇయ్యలే. ఇయ్యను అని నోటితోనే చెప్తి, ఆయన ముందర ఎప్పుడూ గొంతెత్తని దాన్ని. ఆయన తల ఊపి, నేరుగా ఎదురంగడికి పోయి తీసుకున్నాడు. మొహమాటానికి పోతే ఏమైందో ఒక సామెత ఉండాది, నీకు పెళ్లయినాక చెప్తా.

ఆఫీసు వరండాలో చాలాసేపు కూర్చోబెట్టినారు. సెల్వి తన మూటనుంచి ఒక శాలువా తెచ్చింది, సగం మెలేసి, సగం వదిలేసింది. ఆయన ముందరే మెలేసి చూపిస్తా, ఇంతకి ఇంతసేపు పడుతుందని చెప్తా, అనె. నోట్లో ఏదో చదువుకుంటా ఉండె, పరీక్షకి పొయ్యే పిల్ల మాదిరి. మంచి చీర కట్టుకోని వచ్చింది పావం, తలలో కనకాంబరాలు.

లోపలికి పిలిచినారు. ఆయన మంచిగానే ఉండాడు, నవ్వినాడు, ఉక్కారుంగో అన్నాడు. ఎవురూ కూర్చోలే. బావగారు ముందుకు పోయి పొన్నాడ విప్పి కప్పె. మాల ఎవురో వేసినారు. పండ్ల తట్ట బల్ల మీద పెట్టినారు, పన్ను వద్దని రాసుకోని పోయిన మన అర్జీ కాగితం ఆ తట్ట కిందికి పొయ్యింది, నేను చూస్తానే ఉండా. అప్పురం, అదంతా అయినాక, బావగారు మాట్లాడినాడు. ఏం మాట్లాడినాడు అంటావు? మీ మాదిరి ఆఫీసరు మాకు దొరికేది మా పుణ్యం, అన్నాడు. మీ కాలంలో వ్యాపారాలు చల్లగా ఉండాయి, అన్నాడు. మీరు ఏం చేసినా మేమంతా మీ వెనకాల ఉంటాము సార్, అన్నాడు. మైకు లేదు, సభ లేదు, కానీ ఆ జరీ చేతికి తగిలేటప్పటికి ఆయప్పకి నోట్లోనుంచి సభ మాటలే వస్తాయి. ఇన్నేళ్లు అట్టనే మాట్లాడి మాట్లాడి, ఆ గుడ్డ విప్పితే వేరే మాట రాదు.

నేను వెనకనుంచి, బావా పన్ను, బావా పన్ను, అంటా ఉండా. ఎవురు వింటారు. ఫోటోవాడొకణ్ని మనోళ్లే తెచ్చినారు. ముందు అందురితో ఒకటి. అప్పురం ఒక్కొక్కరూ విడివిడిగా. దీక్ష చేస్తానన్నోడు ఉండాడే, వాడు రెండుసార్లు నిలబడినాడు, మొదటిసారి కండ్లు మూసుకున్నాడంట. ఆయన ఒంటి మీది ఆ పొన్నాడని తీసి మళ్లీ మళ్లీ కప్పినట్టు చెయ్యి పెట్టించినారు, ప్రతి ఒక్కరూ. ఆఖరికి ఒక ప్యూను వచ్చి చెవిలో ఏదో చెప్పె, ఆయన లేచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టె, రొంబ సంతోషం, అని చెప్పి ఇంకో మీటింగుకి పొయ్యె. పన్ను అనే మాట ఆ గదిలో నేను తప్ప ఎవురూ అనలే. సెల్వి ఆ సగం మెలేసిన శాలువా చేతిలో పెట్టుకోని తలుపు దగ్గిర అట్టనే నిలబడుకోని ఉండాది.

బయటికి వచ్చినాక మనోళ్లు ఏమన్నారో తెలుసా? బాగా జరిగింది, అన్నారు. ఎంత మర్యాదగా మాట్లాడినాడు, అన్నారు. అందురూ కలిసి హోటలుకి పోయి టిఫను తిన్నారు. నేను పోలే. సెల్వినీ నన్నూ చూసి, రండి రండి, అని బావగారు ఎంతో ప్రేమగా పిలిచె. ఆయన్ని తిట్టడానికి కూడా రాదు, అదే నా ఖర్మ.

రెండు రోజులకి పేపర్లో ఫోటో వచ్చింది. కింద ఏం రాసినారు? పన్ను విషయంలో వ్యాపారస్తుల సంగం అధికారిని కలిసి సన్మానించింది, అని. అంతే. చదివేవాడు ఏమనుకుంటాడు, పన్ను పెంచినందుకు సంతోషపడి కప్పినారనే గదా. మధురనుంచి, ఈరోడునుంచి ఫోన్లు. ఏమయ్యా, మేము ఈడ ఎండలో నిలబడి అరస్తా ఉంటే మీరు ఆడ శాలువాలు కప్పతా ఉండారా, అని బూతులు. బావగారు ఫోను చెవికి పెట్టుకోని, అట్ట కాదండీ, అట్ట కాదండీ, అంటానే ఉండాడు.

నేను ఊరుకోలే. సెల్విని పిలుచుకోని మళ్లీ ఆ ఆఫీసుకి పోతి. ఒట్టి చేతుల్తోనే పోతిమి. వాకిట్లో ప్యూను మా చేతులే చూసినాడు. పొద్దు తిరిగేదాకా కూర్చోబెట్టి, పోయేటప్పుడు వరండాలో నిలబడే మాట్లాడినాడు ఆయన. మర్యాదగానే మాట్లాడినాడు, ఆయన మీద తప్పు చెప్పలేను. అమ్మా, మీ సంగమోళ్లు వచ్చినారు గదా, మేమంతా మీ వెనకాల ఉంటామని మీ పెద్దాయనే చెప్పినాడు గదా, ఈ పక్క వ్యాపారస్తులకి పెద్దగా అభ్యంతరం లేదని నేను రాసి పంపించేసినా, అన్నాడు. మరి అర్జీ, అంటే, ఏ అర్జీ, అన్నాడు. పండ్లు స్టాఫు పంచుకున్నారంట, కాగితం యాడికి పొయ్యిందో. సెల్వి అప్పుడు నోరు విప్పింది. సార్, నా పని పోతుంది సార్, అనె. అంతే అనె. అంత నోరున్న మనిషి, పొద్దున్నుంచి చదువుకున్నదంతా మరిచిపొయ్యి, ఆ ఒక్క మాటే. ఆయన తల ఊపి, సంగం తరఫున రాతలో ఇంకోసారి ఇప్పించండి, మార్చి పంపుతా, అని కారెక్కినాడు.

నేను నేరుగా బావగారి ఇంటికి పోతి. రాసియ్యండి బావా, ఇంకా పొద్దు దాటలే, అంటి. ఆయప్ప ఉయ్యాల బల్ల మీద కూర్చోని నేల చూస్తా ఉండాడు. ఎట్టమ్మా, మొన్న నా చేత్తో కప్పి, ఈ రోజు అదే చేత్తో కాదని రాస్తే ఆయన ఏమనుకుంటాడు, మన మాటకి విలువుంటుందా, అనె. ఆయన మొగం చూడలేరు, సెల్వి మొగం ఎట్ట చూస్తారు బావా, అంటి. దానికి ఆయన లోపలికి తిరిగి, మరదలికి కాఫీ పెట్టండి, అని కేక వేసినాడు. కాఫీ. నేను తాగలే. జీవితంలో ఆ ఇంట్లో కాఫీ వద్దని లేచింది ఆ ఒక్కరోజే.

ఏమైందా పన్ను అంటావు? ఆగిపొయ్యింది. మన వల్ల కాదు. వేరే ఊర్లోళ్లు మన మాదిరి మర్యాదస్తులు కాదు గదా, అరిచినారు, అంగళ్లు మూసినారు, ఎండలో కూర్చున్నారు, పైవాళ్లు వెనక్కి తగ్గినారు. కానీ చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. ఆ నడుమ మన సందులో ప్రతి అంగడోడూ పన్ను వస్తుందని బెదిరి మిషను కుచ్చుల శాలువాలు లారీలకి లారీలు దించుకున్నాడు. పన్ను రాలేదు గదా, ఇంక చేతి కుచ్చులకి తిరుగుదామా అంటే ఎవురు తిరుగుతారు. కొనేవాడికి ఆ సస్తా అలవాటయిపొయ్యె. నా అంగడి ఒక్కదానికి ఎన్ని మెలేయించగలను నేను. సెల్వి వారం వారం వచ్చేది కాస్తా నెలకి ఒకసారి, అప్పురం పండగలకి. ఇప్పుడు ఏదో ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఏనాలు, గిన్నెలు కడగతా ఉంది. కూలి తగ్గిస్తే కొట్లాడేదానికి ఆడ ఎవురున్నారు, కాంట్రాక్టరు మొగమే కనపడదంట.

ఆగు, అయిపోలే. మీ మామ చెప్పని ముక్క ఇంకోటి ఉంది.

పన్ను ఆగినందుకు మన సంగం పెద్ద సభ పెట్టింది, అదీ సెల్వి క్యాంటీనుకి పోయినాక, తీరిగ్గా. హాలు, మైకు, వాయిద్యం. పన్నుని ఆపిన మహానుభావుడని బావగారికి వాళ్లకి వాళ్లే కప్పుకున్నారు. ఆయనకి సిగ్గుగానే ఉండింది, మొగంలో తెలిసె, కానీ వద్దని చెప్పేది మర్యాద కాదు గదా. అప్పురం ఎవురికో బుద్ధి పుట్టింది, కార్మికుల తరఫున ఆ ఎన్నూరు ఆడమనిషిని కూడా గౌరవిద్దాం, ఆ రోజు మనతో వచ్చింది గదా, అని. క్యాంటీన్లో లీవు పెట్టించి పిలిపించినారు. వేదికెక్కించి, బావగారి చేత్తోనే కప్పించినారు, ఫోటో తీసినారు, అందురూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా, ఏం చేస్తా, ముందర వరసలో కూర్చోబెట్టినారు.

మరుసటి రోజు అంగడి తీస్తా ఉంటే వచ్చింది. చేతిలో ఆ పొన్నాడ, పేపర్లో చుట్టుకోని. గల్లా మీద పెట్టి విప్పింది. కొస పట్టుకోని ఆ కుచ్చులని వేలితో ఒకసారి ఈ చివరనుంచి ఆ చివరదాకా తడివింది. మిషనుది. మన సంగమోళ్లు సెల్వికి కప్పింది మిషను కుచ్చుల శాలువా పాపా. ఒక్కడికి, ఒక్కడికైనా తోచలే చూడు. నేను ఏదైనా అంటుందని చూస్తా ఉండా, తిడుతుందని, తిడితే బాగుండును అనుకుంటా ఉండా. ఇది వేరే ఎవురికైనా కప్పండి అమ్మా, అని చెప్పి, బస్సుకి టైమయిందని పొయ్యింది. సందు చివరిదాకా చూస్తా నిలబడితి. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలిచి ఏం ఇచ్చేది, మూటేదీ.

అది ఈ రోజు కూడా బీరువా పై అరలో ఉండాది. అమ్మలే, అమ్మను.

ఏడవొద్దులే నువ్వు, ఆ ఫోను ఆపు. ఆపినావా? సరి, ఇంకా నడస్తా ఉంటే నడవనీ. చూడు, నీ ఆఫీసులో నీకు ఏదైనా అన్యాయం జరిగితే ముందు ఆ మాట చెప్పేసేయి, దండాలు తరవాత పెట్టుకోవచ్చు. మన ఇంట్లో ఈ జబ్బు ఉంది, నీకూ వచ్చుంటుంది, నన్ను కూడా రెండుసార్లు పలకరించి గాని ఏమీ అడగవు నువ్వు. దా, ఇట్ట వొంగు. చల్లగా ఉండు తల్లీ. నీ చేతిలో పని ఎప్పుడూ నీ చేతిలోనే ఉండాల.